మా గడి మందు, మా అక్క మాత్రలు

వనపర్తిలో మందుల దుకాణాలకు కొదవ లేదు. బస్టాండు నుంచి దవాఖాన దాకా రోడ్డుకు రెండు పక్కలా అవే. అయినా రెండేళ్ళ కింద, నెలకోసారి, నేను మా ఊరి బస్సు దిగి ఆ దుకాణాల ముందు తల తిప్పుకొని నడిచి, ఇంకో బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయేవాణ్ణి. అక్కడ ఒక సందులో ఉన్న చిన్న దుకాణంలో చీటీ చూపించి మాత్రలు కొనేవాణ్ణి. ఆ ఊళ్ళో నన్ను గుర్తుపట్టేవాళ్ళు లేరు. నాకు కావలసింది అదే.

దుకాణంలో కూర్చునే పిల్ల మొదటిసారి, "ఎవరికి తాతా, నీకేనా?" అని అడిగింది. అరవై ఒక్కేళ్ళలో నన్ను మొహాన తాతా అన్న మొదటి మనిషి ఆమే. మా వైపు నన్ను పిలిచే మాట వేరే. "నాకే" అన్నాను. చీటీ మీద ఆడమనిషి పేరుంది. ఆ పిల్ల చీటీని చూసింది, నా మీసాలు చూసింది, మాత్రలు కవరులో వేసి ఇచ్చింది. బస్సెక్కేదాకా నా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఆ మాత్రలు మా అక్కవి. వాటిని ఇంటికి తెచ్చి, అక్క పెళ్ళినాటి కుంకుమభరిణెలో పోసి మూత పెట్టేవాణ్ణి. భర్త పోయినప్పటి నుంచి ఆ భరిణె ఖాళీగానే ఉంది. దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

ఎందుకు దాచవలసి వచ్చిందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఇల్లు గద్వాలకూ వనపర్తికీ నడుమ ఒక ఊళ్ళో ఉంది. ఇల్లంటే ఊరివాళ్ళు ఒప్పుకోరు, దొరల గడి అంటారు. మా ముత్తాత కాలంలో చుట్టుపక్కల ఊళ్ళ తగవులన్నీ అక్కడే తేలేవట. నా కాలానికి మిగిలింది ముందరి దర్వాజ, నడిమి గది, పక్కన రెండు గదులు. వెనక గోడ పదేళ్ళ కింద వానలకు పడిపోయింది. మళ్ళీ కట్టించలేదు. ముందు నుంచి చూసేవాళ్ళకు గడి గడిలాగే కనబడుతుంది. మాకు అదే చాలనిపించేది. నేను గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. బస్సులో నేనెక్కితే ఎవరో ఒకరు లేచి, "కూసో దొరా" అనేవాళ్ళు. భూములను చూసి కాదు, అవి నా చిన్నతనంలోనే పోయాయి. మందును చూసి.

మెదడు జ్వరం వచ్చినవాళ్ళకు, ఫిట్స్ వచ్చేవాళ్ళకు, ఉన్నట్టుండి మతి తప్పినవాళ్ళకు మా ఇంట్లో ఆదివారం పొద్దున మందు ఇస్తారు. నాలుగు తరాలుగా ఇస్తున్నారు. సరస్వతి ఆకు, పచ్చి పసుపు కొమ్ము, మిరియాలు, నల్లమల నుంచి వచ్చే ఒక వేరు. వీటిని నల్లరాతి కల్వంలో నూరి అడవి తేనెలో కలుపుతారు. వేరు, తేనె అమ్రాబాద్ అవతలి నుంచి ఒక చెంచు కుటుంబం తెచ్చేది. మా తాతకు ఆ ఇంటి పెద్దాయన తెచ్చాడు, మా నాయనకూ నాకూ ఆయన కూతురు తెచ్చింది. నూరడం ఇంటి ఆడవాళ్ళ పని. నూరినంతసేపు నోరు విప్పకూడదు. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్తను పోగొట్టుకొని తిరిగొచ్చిన మా అక్క, అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ కల్వం ముందు మౌనంగా కూర్చుంది.

ఇవ్వడం నా పని. దానికి మా తాత పెట్టిన నియమాలున్నాయి. నిలబడే ఇవ్వాలి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు, మంచినీళ్ళు కూడా. మందు తిన్నవాళ్ళు నలభై రోజులు వేరే ఏ మందూ ముట్టకూడదు. అందుకని గడప ముందు ఒక గంప ఉండేది. వచ్చినవాళ్ళు దవాఖానలో ఇచ్చిన సీసాలు, గోళీలు ఆ గంపలో వేసి, అప్పుడు చెయ్యి చాపాలి. సాయంత్రం ఆ గంపను వెనక ఉన్న ఎండిపోయిన బావిలో గుమ్మరించేవాళ్ళం. చిన్నప్పుడు నేను ఆ బావిలోకి తొంగి చూస్తే అడుగున ఎండకు సీసాలు మెరిసేవి. ఎన్ని సీసాలుంటే అంతమందికి నయమైందని నా లెక్క. నాకు గర్వంగా ఉండేది.

రెండేళ్ళ కింద వేసవిలో ఒక ఆదివారం అక్క నూరుతూ నూరుతూ మాట్లాడింది. ఎన్నడూ లేనిది. నేను ఉలిక్కిపడి చూశాను. ఆమె నా వైపు తిరిగి, "ఎవలు నువ్వు? గడిల ఎందుకు నిలవడ్డవ్?" అంది. నవ్వులాట అనుకున్నాను. మా అక్క నవ్వులాటలు ఆడే మనిషి కాదు. ఆ వారంలోనే నిద్ర పోవడం మానేసింది. గోడతో మాట్లాడేది. ఒకరోజు అన్నం కలుపుతూ చెయ్యి బిగుసుకుపోయి, పక్కకు ఒరిగి, ఒళ్ళంతా కొట్టుకుంది.

నేను కల్వం ముందు కూర్చున్నాను. నోరు విప్పకుండా నూరాను. పొద్దుమాపు అక్క నాలుకకు మా మందు రాశాను. పద్దెనిమిది రోజులు. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఊళ్ళో అందరికీ మందిచ్చే ఇల్లు, తన ఇంటి మనిషిని దవాఖానకు ఎత్తుకుపోవడమా? ఆ పద్దెనిమిది రోజులూ నేను అక్కను చూసి భయపడ్డదానికంటే ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఎక్కువ భయపడ్డాను.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. వేరు తెచ్చే చెంచు అవ్వకు మనుమరాలు. చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకొని వచ్చేది. ఇప్పుడు హైదరాబాదులో మందుల మీద పరిశోధన చేస్తోందట. అవ్వ ఎప్పుడూ గడప ఎక్కలేదు, దర్వాజ పక్కన నేల మీద కూర్చునేది. ఈ అమ్మాయి నేరుగా వచ్చి అరుగు మీద కూర్చుంది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

"సార్, మెదడు వాపును తగ్గించే గుణం ఏ చెట్లల్ల ఉన్నదో చూస్తున్నం. మా అవ్వ తెచ్చే వేరు, మీరు కలిపే ఆకు, అన్నీ జర జర కావాలె. నూరిన మందు గూడ" అంది. దొరా అనలేదు, సార్ అంది.

నేను సరే అనేలోపు లోపలి గదిలో చెంబు పడ్డ చప్పుడు. ఇద్దరం పరుగెత్తాం. అక్క నేల మీద కొట్టుకుంటోంది. ఆ అమ్మాయి అక్కను పక్కకు తిప్పి పట్టుకుంది. అది ఆగాక నన్నడిగింది.

"ఎన్ని రోజుల సంది సార్?"

చెప్పాను.

"దవాఖానకు తీస్కపోలేదా?"

"మా ఇంట్ల మందున్నది" అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూసింది. "నేను సదివేదే ఈ మందు గురించి సార్. అందుకే చెప్తున్న. ఇది పనిచేస్తదో లేదో ఇంక ఎవలికీ తెల్వదు. తెలిసేదాక ఏండ్లు పడుతది. మీ అక్కకు గన్ని రోజులు లేవు."

ఆమే ఎక్కడికో ఫోన్ చేసి కారు పిలిపించింది. కారు దర్వాజ ముందుకు వస్తానంటే నేను ఒప్పుకోలేదు. వెనక పడిపోయిన గోడ వైపు పెట్టించాను. మా అక్కను మా ఇంట్లో నుంచి దొంగసొత్తులాగ, కూలిన గోడ మీదుగా, కిటికీలకు తువ్వాళ్ళు కట్టిన కారులో తీసుకుపోయాను.

హైదరాబాదు దవాఖానలో నడుములోంచి నీరు తీసి చూశారు. డాక్టరు నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. ఒంటికి కాపలా కాయవలసిన బలగమే తిరగబడి మెదడు మీద పడిందట. దానివల్ల మెదడు వాచిందట. దాన్ని అణచడానికి స్టెరాయిడు ఇంజెక్షన్లు, ఫిట్స్‌కు వేరే మందు. "ఇంట్ల నాటుమందేమన్నా ఇచ్చిండ్రా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను. నిటారుగా నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ అన్నాను.

ఆ అబద్ధంతో ఆగలేదు. నా సంచిలో చిన్న సీసా ఉంది. నర్సు అటు తిరగగానే అక్క నాలుకకు మా మందు రాసేవాణ్ణి. రేపు నయమైతే అది మా మందు వల్ల కూడా అని నాలోనేనైనా అనుకోవడానికి. అక్క ఫిట్స్ ఆగాయి కానీ కళ్ళు తెరవలేదు. రెండు రోజులు పిలిచినా పలకలేదు. డాక్టర్లు తలలు పట్టుకున్నారు, ఫిట్స్ మందు తగ్గించి చూశారు. మూడో రోజుకు నా సీసా అయిపోయింది. ఆ మర్నాడు అక్క కళ్ళు తెరిచి, "తమ్మీ, ఆకలైతుంది" అంది.

ఈ రెండింటికీ సంబంధముందని అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు డాక్టరు చీటీ ఇచ్చి ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. "ఈ స్టెరాయిడు గోళీలు మెల్లమెల్లగ తగ్గించుకుంట రావాలె, మేము చెప్పినట్ల. ఒక్కపారి బంద్ చేస్తే పానం మీదికొస్తది. మర్చిపోవద్దు."

మర్చిపోలేదు. కానీ ఊరికి ఏం చెప్పాలి? అక్క మొహం స్టెరాయిడుకు ఉబ్బి గుండ్రంగా అయింది. చూసినవాళ్ళు అడగకుండా ఉండరు. మాటలు కూడా కొన్ని పోయాయి. గ్లాసును గొడుగు అనేది. మాత్రలను పల్లీలు అనేది. "తమ్మీ, నా పల్లీలు ఇయ్యి" అని పొద్దున అడిగి వేసుకునేది. తీర్థయాత్రకు పోయొచ్చామని ఊళ్ళో చెప్పాను. అక్కకు అలసటగా ఉందన్నాను.

ఆదివారాలు మాత్రం ఆగవు. నేనే నూరేవాణ్ణి, నేనే గడపలో నిలబడేవాణ్ణి. "ఇంగ్లీషు మందులు గంపల వెయ్యుండ్రి" అని నేనే చెప్పేవాణ్ణి. అదే సమయంలో నడిమి తలుపు వెనక మా అక్క పాలతో ఇంగ్లీషు గోళీ మింగుతూ ఉండేది. ఆమె బయటికి రాకుండా ఆ తలుపుకు నేను ఇవతల గొళ్ళెం పెట్టేవాణ్ణి. నాలుగైదు వారాలు ఊరుకుంది. తర్వాత తలుపు కొట్టడం మొదలుపెట్టింది.

"తమ్మీ, తలుపు తియ్యి. నేనేం దొంగతనం చేసిన్నా?"

బయట వరుసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. "పిల్లి" అన్నానొకసారి. వెనక నుంచి ఒక ముసలామె, "మీ గడిల పిల్లి గూడ తమ్మీ అని పిలుస్తదా దొరా?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, కోప్పడనూ లేకపోయాను.

మందు ఇవ్వడం మానేద్దామని ఒక ఆదివారం దర్వాజ మూసి లోపల కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కేదాకా ఎవరూ కదల్లేదు. చివరికి ఒకాయన దర్వాజ సందులో నోరు పెట్టి, "దొరా, నువ్వు లోపలున్నవని ఎర్కే. దగ్గు ఇనవడుతుంది. ఆత్మకూరు కెల్లి నడిసొచ్చినం" అన్నాడు. లేచి తలుపు తీశాను. తీయకపోతే ఈ ఇల్లు ఏమిటి, నేనేమిటి? తీస్తే మళ్ళీ ఆ గంప, అందులో వాళ్ళు వేసే మందులు.

చలికాలం మొదట్లో ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. అక్కకు బత్తాయిలు తెచ్చింది. అరుగు మీద కూర్చుంది. ఈసారి నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. పరిశోధన ఎంతవరకు వచ్చిందని అడిగాను. నయమవుతుందనే మాట ఆమె నోట వినాలని ఉంది.

"గాజు పాత్రల పెంచిన కణాలకు వాపు తెప్పించి, ఆకు రసంల కెల్లి తీసింది ఏసి చూస్తున్నం సార్. కొంచెం తగ్గినట్టే కనవడుతుంది. పసుపుల ఉండే పచ్చటి పదార్థం గూడ గంతే, పాత్రల మంచిగనే పనిచేస్తది. మనిషి లోపలికి పోతే వేరే కథ. కడుపుల కెల్లి రక్తంలకు సరిగ పోదు, పోయినా నిలవడదు. నిలవడ్డా మెదడుకు ఒక కాపలా ఉంటది, మీ దర్వాజ లెక్క. అందర్నీ లోపలికి రానియ్యదు."

"మా అవ్వోళ్ళను రానియ్యనట్ల" అని కూడా అంది, మెల్లగా, నవ్వుతూనే. నేను నేల చూశాను.

"మిరియాలు ఎందుకు ఏస్తరో తెల్సా సార్? మిరియంల ఉండే గుణం పసుపును రక్తంల నిలవెడుతది. మీ పెద్దోళ్ళు మస్తు తెలివిగలోళ్ళు."

నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను. ఆమె ఆగలేదు.

"కాకపోతే అది పసుపు ఒక్కదాన్నే నిలవెట్టదు. కొన్ని ఫిట్స్ మందులను గూడ రక్తంల ఎక్కువసేపు నిలవెడుతది. మోతాదు పెరిగినట్ల అయితది. మనిషి మత్తుల పడిపోతడు."

నాకు దవాఖాన మంచం కనబడింది. అక్క మూసిన కళ్ళు, నా సంచిలో సీసా. ఆమెకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పనిది. ఆమె తిట్టలేదు. "అదే కారణమని నేను ఖచ్చితంగ చెప్పలేను సార్. అయి ఉండొచ్చు" అంది. తర్వాత, "వేరే మందు ముట్టొద్దని మీ తాత ఎందుకు పెట్టిండు?" అని అడిగింది.

మా నాయన చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. తాత కాలంలో ఒకడు సర్కారు దవాఖానలో ఫిట్స్ గోళీలు తెచ్చుకొని, వాటితో పాటు మా మందు కూడా తిని, రెండు రోజులు లేవకుండా పడుకున్నాడట. చచ్చిపోయాడనుకొని ఏడ్చారట. తర్వాత లేచాడు. ఆ రోజు తాత గంప తెప్పించి గడప ముందు పెట్టించాడు.

"అయితే మీ తాత చూసింది నిజమే సార్. రెండు కలిస్తే మంచిది కాదని కనిపెట్టిండు. గంత దూరం ఎవలు చూస్తరు? కానీ రెండిట్ల ఏది మాన్పియ్యాలె?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ కాలంలో ఎవరికీ తెలియకపోవచ్చు. తెలిసినా మా తాత మా మందు మానమని చెప్పి ఉండేవాడు కాదు. నాకు ఆ సంగతి తెలుసు, ఎందుకంటే నేనూ చెప్పలేదు. ఆమె పోయాక వెనక్కి పోయి బావిలోకి చూశాను. సీసాలు మెరుస్తూనే ఉన్నాయి. నయమైనవాళ్ళ లెక్క చెప్పే సీసాలు కావవి. ఒక్కొక్కటీ ఒక మనిషి తాగకుండా వదిలేసిన మందు. వాళ్ళందరూ ఏమయ్యారో మేమెన్నడూ అడగలేదు. మళ్ళీ రానివాళ్ళకు నయమైందని అనుకున్నాం.

ఆ తర్వాతి ఆదివారమే వడ్డేపల్లి వైపు నుంచి ఒక రైతు భార్యను తీసుకొని వచ్చాడు. నేను ఎప్పటిలాగే గడపలో నిలబడ్డాను. అంత తెలిసి కూడా గంప తీసెయ్యలేదు, నియమం మార్చలేదు. వచ్చే వారం చూద్దామనుకున్నాను. నా ముందు నలభై మంది దాకా ఉన్నారు. ఆ మనిషి భార్య చెయ్యి పట్టుకొని మెట్ల దాకా వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి ఆమెకు. మొహం ఉబ్బి గుండ్రంగా ఉంది. ఆ మొహం నేను రోజూ మా ఇంట్లో చూస్తున్నాను.

"మెదడు వాపు అన్నరు దొరా. హైదరాబాదుల ఇరవై దినాలున్నం. ఇప్పుడు జర నయం. మావోళ్ళందరు మీ మందు తినిపియ్యమన్నరు. పొద్దుగాల బీచుపల్లి గుడిల మొక్కుకొని, టెంకాయ కొట్టి వచ్చినం" అన్నాడు. రుమాలు మూట విప్పాడు. అందులో మాత్రలు. "ఇగో, అన్నీ మీ గంపల ఏస్తున్న."

అవే అట్టలు. నాగర్‌కర్నూల్ దుకాణంలో నేను కొనేవి, అదే రంగు, అదే రాత. ఒక్కపారి బంద్ చేస్తే పానం మీదికొస్తది.

"ఆగు" అన్నాను.

ఆగాడు.

నా నోటికి ముందు వచ్చింది మళ్ళీ అబద్ధమే. "ఇయాల దినం మంచిగ లేదు. మందులు తీస్కొని ఇంటికి పోండ్రి. మళ్ళ చూద్దాం."

"మంచి దినమే దొరా, అయ్యగారిని అడిగే ఎల్లినం" అన్నాడు అతను.

వెనక నుంచి, "గట్లెట్ల దొరా? మా గోళీలు గంపల ఏపిచ్చుకుంటివి. ఆళ్ళవి వద్దంటవ్. మనిషికో నియమమా?" అని ఎవరో అన్నారు. "వడ్డేపల్లోళ్ళు చుట్టాలేమో!" అని ఇంకొకరు. నవ్వులు.

ఆ రైతు భార్య అలసిపోయి మెట్టు మీద కూర్చుంది. "ఏసెయ్యవయ్యా. ఆ గోళీలతోని మొకం బూరె లెక్క అయింది, అద్దంల చూసుకునేటట్ల లేదు" అంది భర్తతో. అతను చెయ్యి గంప మీదికి చాపాడు. రెండు అట్టలు పడ్డ చప్పుడు నాకు వినిపించింది.

అప్పుడే లోపల తలుపు కొట్టడం మొదలైంది. "తమ్మీ, తియ్యి. ఊపిరాడుతలేదు."

మా నాయన, తాత, ముత్తాత ఎవరూ ఎన్నడూ కూర్చోని ఆ గడప మీద కూర్చున్నాను. ముందున్నవాళ్ళు గుసగుసలు ఆపేశారు. కూర్చునే గంపలో చెయ్యి పెట్టి ఆ రెండు అట్టలు ఏరి తీశాను. తర్వాత లేచి పోయి గొళ్ళెం తీశాను.

అక్క బయటికి వచ్చింది. తల దువ్వుకోలేదు. చేతిలో కుంకుమభరిణె ఉంది. పొద్దున గోళీ వేసుకునే వేళ అది. గడప దాకా వచ్చి జనాన్ని చూసి, "ఏంది, జాతర లెక్క గింతమందొచ్చిండ్రు?" అంది. తర్వాత ఆ వడ్డేపల్లి ఆమె మొహం చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా చేతిలో అట్టలు చూసి అక్క గుర్తుపట్టింది.

"అగో, నా పల్లీలు! నీకెక్కడివి బిడ్డా?"

ఆమె పక్కన మెట్టు మీద కూర్చొని, భరిణె మూత తీసి చూపించింది. "పాలల్ల ఏస్కో. నీళ్ళల్ల చేదుంటయి. మొకం గురించి పరేషాన్ గాకు. నాది నీకంటె పెద్దగున్నది, చూడు." మా అక్క ఆమె చేతిని తన చెంపకు ఆనించుకుంది.

మాట్లాడవలసింది నేనే. నిలబడే చెప్పాను. మా అక్కకు ఇదే రోగం వచ్చిందనీ, మా మందు పద్దెనిమిది రోజులు పెట్టాననీ, తగ్గలేదనీ, దవాఖానలో బతికిందనీ. ఈ గోళీలు ఒక్కసారిగా ఆపితే మనిషి దక్కదనీ. మా మందు పనికొస్తుందో లేదో చదువుకున్నవాళ్ళు ఇంకా చూస్తున్నారనీ, తేలేదాకా ఇవ్వననీ. ఇంగ్లీషు మందులు వాడేవాళ్ళు దీన్ని అసలే ముట్టుకోవద్దనీ. దవాఖానలో డాక్టరుకు నేను అబద్ధం చెప్పిన సంగతి కూడా చెబుదామనుకున్నాను. అంత దాకా నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అట్టలు రెండూ ఆ రైతు చేతిలో పెట్టాను. అతను వాటిని, నన్ను, అక్క మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "మరి మీ మందు కొంచెమన్నా దొరా? గింత దూరమొస్తిమి."

"వద్దు. ఇవే తినిపియ్. డాక్టరు చెప్పిన దినం దాకా ఒక్క పూట తప్పొద్దు."

జనం మెల్లగా లేచారు. "గడి మందుకు బలం పోయిందిరా" అనుకుంటూ పోయారు కొందరు. పోతూ పోతూ కొందరు గంపలో తమ మాత్రలు వెతుక్కున్నారు. ఆనాడు ఆత్మకూరు నుంచి నడిచొచ్చిన ఆయన మాత్రం అందరూ పోయేదాకా చెయ్యి చాపే నిలబడ్డాడు. ఆ సాయంత్రం గంపను పొయ్యిలో పెట్టాను. కల్వం తర్వాత ఆ పరిశోధన అమ్మాయి వచ్చి తీసుకుపోయింది. బస్సులో లేచి చోటిచ్చేవాళ్ళు తగ్గారు. మాత్రలు వనపర్తిలోనే కొనడం మొదలుపెట్టాను. మొదటిసారి దుకాణాయన లేచి నిలబడి, "మీరా దొరా!" అని నోరు తెరిచాడు. చీటీ మీద పేరు చూసి కూర్చున్నాడు.

అంతటితో తీరిందనుకున్నాను. ఎండాకాలం ముగిసి తొలకరి పడ్డాక ఆ వడ్డేపల్లి రైతు మళ్ళీ వచ్చాడు. భార్య తనకు తానే మెట్లెక్కింది. మొహం దిగిపోయి మామూలుగా ఉంది. స్టెరాయిడు గోళీలు పూర్తిగా ఆపమని డాక్టరే చెప్పాడట. నా ఒళ్ళు తేలికైంది. అది ఎంతసేపో ఉండలేదు, దర్వాజ బయట ఇంకా పది పదిహేను మంది నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో సంచులు, ఫైళ్ళు, మాత్రల అట్టలు.

"వీళ్ళెవరయ్యా?" అన్నాను.

"మా దిక్కోళ్ళే దొరా. నీ సంగతి చెప్పిన. ఉట్టి గోళీలు అందరు తింటరు. మా ఆమెకు నయమయ్యింది నువ్వు చేత్తోని ముట్టి ఇస్తివని గద!"

అరుగు మీద నా పక్కన కూర్చొని ఉన్న అక్క, "రాండ్రి, రాండ్రి, పల్లీలు తెచ్చిండ్రా? పాలల్ల ఏస్కోవాలె" అని పిలుస్తోంది. ముందున్న ముసలాయన తన అట్ట రెండు చేతుల మీద పెట్టి, మా నాయన ముందు చాపినట్టే, నా ముందు చాపాడు. ఏ డాక్టరు రాశాడో చూశాను. చీటీ సరిగానే ఉంది.

"నేను ముట్టినా ముట్టకపోయినా ఇది పనిచేస్తది పెద్దాయనా. నాతోని ఏం లేదు. ఇంటికి పోయి ఏస్కో."

"పనిచేస్తది దొరా, ఎవలు కాదన్నరు?" అన్నాడాయన, చేతులు దించకుండా. "ముట్టేకి నీకేమైతది?"

ముట్టనంటే ఆ గోళీలు ఇంటికి పోయి ఏ చూరులో దోపుతాడో నాకు తెలుసు. వెనక ఉన్నవాళ్ళు చూస్తున్నారు. అరుగు మీది నుంచి లేచాను. గడపలో నిలబడి, అట్ట తీసుకొని, మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను.